ద్విపద నేర్పిన నెయ్యము

స్నేహమను సంస్కృత శబ్దమునకు ప్రేమ యనియు, నూనె యనియు రెండర్థములు కలవు. నూనె ఒరసికొను రెండు వస్తువుల నడుమ నిలిచి రాపిడిని తగ్గించును. ప్రమిదలో తాను తరుగుచు వత్తిని వెలిగించును. పటాన్‌చెరు కర్మాగారములలో యంత్రముల యొద్ద నిలుచువారు మొదటి గుణమును ప్రతిదినమును చూచుచునే యున్నారు. రెండవ గుణము లింగపూజావేళ దీపము నెదుట కూర్చుండు ప్రతి గృహస్థునకును తెలిసినదే. ఒక్క మాటలో నిమిడిన యీ రెండు గుణములను విడదీయక గ్రహించినవాడు స్నేహమను మాటకు పూర్తి యర్థము తెలిసినవాడు.

వీరశైవ సంప్రదాయమున గురువు, లింగము, జంగమము, విభూతి, రుద్రాక్ష, మంత్రము, పాదోదకము, ప్రసాదము అను నెనిమిదియు అష్టావరణములు. వీనియందు మిత్రుడను పేరు కనబడదు. అంతమాత్రమున శరణులు మైత్రికి చోటీయలేదని తలపరాదు. పంచాచారములలోని శివాచారము లింగధారుల నెల్లరను పుట్టుక యడుగక సమానులుగా చూడవలెనని విధించును. భృత్యాచారము శివభక్తుల యెదుట సేవకుని యణకువతో మెలగుమని చెప్పును. ఎదుటివాడు నాతో సమానుడు, నేనతనికి సేవకుడను అను రెండు భావములు ఒకే హృదయమున చేరినచోట పుట్టునది చెలిమి గాక మరేమి? శరణుల సంగము, సత్సంగము అను మాటలతో పెద్దలు కీర్తించినది దీనినే.

ఈ చెలిమి యెట్టిదో తెలిసికొనుటకు తెలుగువారికి పాల్కురికి సోమనాథకవి చక్కని దారి చూపెను. ఆ దారి పేరు ద్విపద.

ద్విపద స్వరూపము

సోమనాథుడు కాకతీయుల కాలమునాటి కవి. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి అతని జన్మస్థలమని ప్రసిద్ధి. బసవపురాణమును, పండితారాధ్య చరిత్రమును అతడు ద్విపదలో రచించెను. సంస్కృతవృత్తములు పండితసభలలో రాణించుచుండిన కాలమున, ఎల్లవారికిని తెలియు జానుతెనుగు మేలని తలచి, జనుల నోట పలుకు దేశిచ్ఛందస్సును పురాణమునకు తగిన పీఠముపై కూర్చుండబెట్టెను. తుమ్మెద పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు మొదలగు జనుల పాటల పేర్లను తన కావ్యమున చేర్చి భద్రపరచినవాడును అతడే.

ద్విపద లక్షణము పాఠశాల విద్యార్థులకు సైతము తెలిసినదే. పాదములు రెండు. ప్రతిపాదమున మూడు ఇంద్రగణములును, వాని తరువాత ఒక సూర్యగణమును ఉండును. మూడవ గణము మొదటి యక్షరమునకు యతి చెల్లవలెను. రెండు పాదములందును రెండవ యక్షరమున ఒకే హల్లు వచ్చుట ప్రాస. ప్రాసలేని ద్విపదకు మంజరి యని పేరు.

ఈ లక్షణమునే కొంచెము నిదానముగా పరిశీలింతము. ఒక పాదము ఎంత సొగసుగా నున్నను ద్విపద యనిపించుకొనదు. రెండవది తోడు వచ్చినప్పుడే దానికా పేరు. అయినను రెండవ పాదము మొదటిదాని మాటలను తిరిగి చెప్పదు. దాని మాటలు దానివి. దాని యర్థము దానిది. తూకము మాత్రము సమానము. ఇక ప్రాస కుదురుచోటును గమనింపుడు. అది పాదము మొదటి యక్షరమున కుదురదు, రెండవ యక్షరమున కుదురును. చూడగానే కంటబడు మొదటి యక్షరములు రెండు పాదములందును వేరు వేరుగా నుండవచ్చును. వాని వెనుక నున్న యక్షరము ఇరువురిని కలుపును.

మనుష్యుల చెలిమియు నిట్టిదే. ఊరు, భాష, పుట్టుక, వృత్తి యనునవి మొదటి యక్షరములు. వీనిని చూచి యాగిపోవువానికి మిత్రుడు దొరకడు. ఒక్క యక్షరము లోపలికి పోయి చూచువానికి ప్రాస దొరకును. శరణుల చరిత్రలలో ఇట్టి ప్రాస కుదిరిన చెలుములు పెక్కు కలవు. వానినుండి నాలుగు పాఠములు మాత్ర మిచ్చట గ్రహింతము.

మొదటి పాఠము: చెప్పవలసినది చెప్పుట

పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాదుల మీదుగా పోవు జాతీయ రహదారి హుమ్నాబాదు దాటి, బసవకల్యాణమునకు చేరువగా సాగి సోలాపురము చేరును. శరణుల కాలమున సోలాపురమునకు సొన్నలిగె యని పేరు. అచ్చట సిద్ధరాముడను శివయోగి చెరువు త్రవ్వించుచు, దేవాలయములు కట్టించుచు, వేలాది జనులచే పొగడ్త నందుచుండెను. ఊరంతయు అతనిని దేవునివలె చూచుచుండెను.

అల్లమప్రభువు సొన్నలిగెకు పోయిన కథను శరణుల సంవాదములను కూర్చిన శూన్యసంపాదనె యను కన్నడగ్రంథము చెప్పుచున్నది. అల్లముడు నేరుగా చెరువుగట్టు చేరి, ఇచ్చట మన్ను త్రవ్వించువాడెవడని తేలికచేసి పలికెను. పనివారు కోపించి రాళ్లు రువ్విరి. సిద్ధరాముడును ఆగ్రహముతో వచ్చెను. అల్లముడు వెనుదీయలేదు. వెలుపల ఇన్ని గుడులు కట్టించిన నీవు లోపలి గుడిని మరచితివి గదా, నేను చేసితినను భావము నీలో నిలిచియుండగా ఈ చెరువు నీ దాహము తీర్చునా యను భావముతో మాటలాడెను. సిద్ధరాముని కోపము చల్లారెను. అతడు అల్లమునితో కూడ కల్యాణమునకు పోయి, చెన్నబసవన్న వలన ఇష్టలింగదీక్ష పొంది, అనుభవమంటపమున ప్రముఖుడయ్యెను. కపిలసిద్ధమల్లికార్జున యను ముద్రతో అతడు చెప్పిన వచనములు నేడును చదువబడుచున్నవి.

ఊరివారిలో ఒక్కడును సిద్ధరామునితో ఈ మాట చెప్పియుండలేదు. వారికతనిపై గౌరవము లేక కాదు. గౌరవ మధికమగుటచేతనే నోరు మెదపలేకపోయిరి. అపరిచితుడైన యల్లముడు చెప్పెను. చెప్పినవాడే తుదకు సఖుడయ్యెను. అయితే ఇందొక మెలకువ కలదు. అల్లముడు దెప్పి, తన దారిని తాను పోలేదు. తనతో కూడ సిద్ధరాముని కల్యాణమువరకు నడిపించుకొనిపోయెను. తప్పు చూపుట సగము పని. తప్పు చూపిన తరువాత తోడు నడచుట మిగిలిన సగము.

నేటి కాలమున దీని యక్కర చిన్నది కాదు. రసాయనముల నడుమ పనిచేయు సహోద్యోగి ఉక్కపోతకు తాళలేక ముఖకవచము తీసివేయును. జీతమునాడు ఒకడు ఇల్లు చేరకముందే కల్లు దుకాణము చేరును. ప్రక్కవాడు చూచుచునే యుండును; “అతడేమనుకొనునో” యని యూరకుండును. ఆ మౌనమును మర్యాద యనుకొనుట పొరబాటు. కోపము వచ్చునని తెలిసియు చెప్పి, చెప్పిన పిదప ఇంటివరకు వెంటనడచువాడు అల్లముని పాఠము చదివినవాడు.

రెండవ పాఠము: హద్దు ఎరుగుట

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు అమరేశ్వరమునుండి కల్యాణమునకు వచ్చిన శరణులు. బసవన్న మహామనె ముంగిట రాలిన బియ్యపుగింజలను ఏరితెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే దంపతులు జంగమదాసోహము జరుపుచుండిరి.

ఒకనాడు మారయ్య తెచ్చిన బియ్యము ప్రతిదినపు కొలతను మించియుండెను. మారయ్య పేదరికము చూచి, అతని మనస్సు నొవ్వకుండ మేలుచేయదలచి, బసవన్నయే కావలసికొని ఎక్కువ గింజలు చల్లించెనని కథ. లక్కమ్మ ఆ బియ్యమును చూచి సంతసింపలేదు. ఇది మన యక్కరకు మించినదనియు, ఆశ రాజులకు తగును గాని శివభక్తులకు తగదనియు చెప్పి, అధికముగా నున్నదానిని వచ్చినచోటనే పోసిరమ్మని భర్తను పంపెను. పిదప ఆ కొలది బియ్యముతోనే శరణులను పిలిచి విందొనర్చెనని పెద్దలు చెప్పుదురు.

ఈ కథయందు ఎవరును చెడ్డవారు కారు. బసవన్న కల్యాణమున బిజ్జలుని భాండాగారమును నిర్వహించిన మంత్రి. మారయ్య నేలపై గింజ లేరువాడు. మంత్రి చేసిన యుపకారములో దోషము లేదు. అది చాటుగా చేయుటలో నున్న సౌకుమార్యము మెచ్చదగినది. అయినను లక్కమ్మ వలదనెను. ఆమె తిరస్కరించినది బసవన్న స్నేహమును కాదు. ఆ బియ్యము నిలువ చేసికొనినచో మరునాటినుండి మారయ్య బసవన్నకు ఋణగ్రస్తుడగును. సమానులుగా కూర్చుండిన యనుభవమంటపమున ఒకని పీఠము కనబడకుండనే ఒక మెట్టు దిగిపోవును. సమానత్వమును కాపాడుటకే ఆమె బియ్యమును త్రిప్పి పంపెను.

ధనమువలన చెడిన చెలుములు మన గ్రామములలోను, కార్మికుల కాలనీలలోను ఎన్ని లేవు! చేబదులుగా తీసికొని తిరిగి యీయనిది, చీటీలో హామీ పడి మునిగినది, పెండ్లికి సాయముచేసి పదేండ్లు ఎత్తిపొడిచినది, ఇట్టివి ప్రతి వీథిలోను వినబడును. వీనికెల్ల మందు ఆ దంపతుల కథలోనే కలదు. ఇచ్చువాడు బసవన్నవలె తన చేయి కనబడకుండ నీయవలెను. పుచ్చుకొనువాడు లక్కమ్మవలె ఇంత చాలునని చెప్పగలిగి యుండవలెను. మఠములలో దాసోహము జరుపు పెద్దలు ఈ రెండవ మాటను కూడ పిల్లలకు నేర్పవలెను. పెట్టుటను గూర్చి ఉపన్యాసములు చాల కలవు. చాలుననుటను గూర్చి చెప్పువారు తక్కువ.

మూడవ పాఠము: భేదము నడుమ నెయ్యము

మల్లికార్జున పండితారాధ్యుడు ఆంధ్రదేశమున శైవమును వ్యాపింపజేసిన పండితత్రయములో ఒకడు. శ్రీపతి పండితుడును, శివలెంక మంచనపండితుడును మిగిలిన యిరువురు. కందపద్యములతో శివతత్త్వసారమును రచించిన కవి యతడు. బసవన్నకు సమకాలికుడు. ఒకడు గోదావరీతీరపు ద్రాక్షారామ ప్రాంతమునవాడు. ఇంకొకడు బాగేవాడిలో పుట్టి కల్యాణమున వెలసినవాడు. ఒకరినొకరు చూచి యెరుగరు. జంగములు నోటినుండి నోటికి మోసికొనివచ్చిన శరణచరితములవలననే పండితునకు బసవన్న హృదయము తెలిసెను.

వారిరువురికిని అన్నివిషయములందు ఏకాభిప్రాయము లేదు. బసవన్న ఉపనయనమును, బ్రాహ్మణ్యమును విడిచెను. పండితుడు దానిని విడువలేకపోయెను. బసవన్న భక్తి ఒకవైపు లాగుచుండగా బ్రాహ్మణ్యబంధము రెండవవైపు లాగుచున్నదని బసవన్నతోనే మొరపెట్టుకొన్న పద్య మొకటి అతని పేర ప్రసిద్ధమై యున్నది. తనకు సాధ్యముకాని పనిని మిత్రుడు చేసినప్పుడు మనుష్యులు రెండు విధముల ప్రవర్తింతురు. ఆ పనియే తప్పని వాదించుట యొకటి. తానును చేసితినని నటించుట రెండవది. పండితుడు ఈ రెంటిని చేయలేదు. నీవు చేసినది నేను చేయలేకున్నాను, అయినను నిన్ను ప్రేమించుచున్నానని చెప్పెను. ఇంతకన్న నిజాయితీగల నెయ్యపు మాట యుండునా?

తుదకు పండితుడు బసవన్నను కన్నులార చూడవలెనని బయలుదేరెను. మార్గమధ్యమున శివభక్తులెదురై, బసవన్న లింగైక్యమందెనని తెలిపిరి. క్రీ.శ. 1167 ప్రాంతమున జరిగినదని చరిత్రకారులు చెప్పు ఆ వార్త విని పండితుడు దుఃఖితుడై, కల్యాణయాత్ర మాని శ్రీశైలమునకు మరలి, అచ్చటనే శివైక్యమందెనని సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున వర్ణించెను. జీవితాంతము ఎదురుచూచిన కలయిక కొద్ది దినములలో తప్పిపోయెను. ఆనాడు నెలల నడక యైన దారి సంగారెడ్డివారికి నేడు ఒక పూట ప్రయాణము. అయినను ఒకే జిల్లాలో నుండి, చిన్న మాటపట్టింపువలన పదేండ్లుగా ఒకరి గడప ఒకరు త్రొక్కని కుటుంబములు లేవా? పోయి చూతమని తలచిన దినముననే బయలుదేరవలెనని పండితుని దుఃఖము మనకు చెప్పుచున్నది.

2018 మార్చిలో కర్ణాటక ప్రభుత్వము లింగాయతులను ప్రత్యేకమతముగా గుర్తింపవలెనని సిఫారసు చేసినప్పుడు వీరశైవ, లింగాయత శబ్దములపై తర్కము తీవ్రమయ్యెను. సరిహద్దు కిటునటు నున్న చుట్టములలో సైతము మాటలు కరకుబారెను. ఆ తర్కమునకు ఈ పాఠము తీర్పు చెప్పదు. ఆచార్య సంప్రదాయమును మన్నించువారును, బసవన్నయే సర్వస్వమనువారును ఒక్క సంగతి మాత్రము జ్ఞప్తియందుంచుకొందురు గాక. ఈ రెండు దారుల మొదటనే పండితుడును బసవన్నయు నిలిచియున్నారు. వారి నడుమ భేదమున్నది, వైరము లేదు.

ఇచ్చట ఇంకొక నిజమును దాచుట తగదు. సోమనాథుని కావ్యములలో పరమతములవారి యెడ పరుషమైన కథలును కలవు. పటాన్‌చెరు పూర్వనామము పొట్టలకెరె యనియు, అది కల్యాణ చాళుక్యరాజగు జయసింహుని రాజధాని యనియు చరిత్రకారులలో పలువురు చెప్పుదురు. ఆ రాజును జైనమునుండి శైవమునకు త్రిప్పిన కథ శైవవాఙ్మయమున ప్రసిద్ధము. పటాన్‌చెరు పరిసరములలో జైనశిల్పములు దొరకుటచేత ఇది ఒకనాడు జైనులకును పుణ్యస్థలమే యని తెలియుచున్నది. మతవాదములు కత్తులవలె మెరసిన కాలమున ఆ కథలు పుట్టినవి. వానిని చరిత్రగా చదువవలెను గాని పొరుగువానిపై ప్రయోగింపరాదు. అదే కవి చెప్పిన శరణుల చెలుములను మాత్రము నేటికిని ఆచరణముగా స్వీకరింపవచ్చును.

భేదములు కలిసి బ్రతుకుట యెట్లో మన పొలములే చెప్పుచున్నవి. ఈ ప్రాంతపు రైతులు తరతరములుగా జొన్నలో కందిని సాళ్లుగా విత్తుచున్నారు. 1972లో పటాన్‌చెరున స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఈ రెండు పైరులపైనను పరిశోధన చేసినది. జొన్న త్వరగా నెదిగి నాలుగు నెలలకు కోతకు వచ్చును. కంది మొదట మందముగా పెరిగి, జొన్న కోసిన పిదప కొమ్మలు చాచును. దాని వేరు లోతునకు పోయి నత్రజనిని భూమికి చేర్చును. రెండును ఒకే విధముగా పెరిగినచో ఒకదాని నొకటి అణచివేసియుండెడివి. వాని భేదమే వాని పొత్తునకు కారణము.

నాలుగవ పాఠము: పేరు నిలుపుట

హరళయ్య చెప్పులుకుట్టు శరణుడు. మధువరసుడు బ్రాహ్మణకులమున పుట్టిన శరణుడు. హరళయ్య కుమారునకు మధువరసుని కుమార్తె నిచ్చి వివాహము చేసిరని కన్నడ సంప్రదాయము చెప్పుచున్నది. వర్ణసంకరమని బిజ్జలుడు వారిని కఠినముగా శిక్షించెను. ఆ యిద్దరి కన్నులు తీయించెనని సోమనాథుడును బసవపురాణమున వ్రాసెను. ఆ పిమ్మట బిజ్జలుడు హతుడయ్యెను, కల్యాణము కల్లోలమయ్యెను, శరణులు నలుదిక్కులకు చెదరిపోయిరి. ఇద్దరు మనుష్యులు వియ్యమందుటకు సాహసించినందున ఒక నగరమే కదలిపోయెను.

రాజ్యము చెదరినది గాని పేర్లు చెదరలేదు. మడివాళ మాచయ్య బట్టలుతుకువాడు. అంబిగర చౌడయ్య పడవ నడపువాడు. నులియ చందయ్య త్రాళ్లు పేనువాడు. మేదర కేతయ్య బుట్టలల్లువాడు. డోహర కక్కయ్య తోళ్లు ఊనువాడు. ఆనాటి శాసనములలో రాజుల బిరుదులు వరుసలు వరుసలుగా చెక్కబడినవి. బట్టలుతుకువాని పేరు చెక్కుటకు రాతిపై చోటు చిక్కలేదు. వచనము చోటిచ్చినది. తోటి శరణులు వారి మాటలను తాళపత్రముల కెక్కించి దాచిరి. వృత్తిని దాచక, వృత్తితో కలిపియే పేరు నిలిపిరి.

సోమనాథుడు ఆ పేర్లను తెలుగులోనికి తెచ్చెను. అతడు బసవన్నను చూడలేదు. చూడని మిత్రునిపై ఒక పురాణమును, ఒక శతకమును, మరి కొన్ని లఘుకృతులను రచించెను. అతని బసవపురాణమును 1369లో భీమకవి కన్నడమున రచించెను. కన్నడదేశపు శరణుని కథ తొలుత తెలుగున పురాణమై, మరల కన్నడమునకు పోయినది. రెండు భాషలు ద్విపదలోని రెండు పాదములవలె ఒకదానికొకటి తోడైనవి. 1956 వరకు బీదరు జిల్లాలో నుండి, పిదప మెదకు జిల్లాలో చేరి, 2016లో సంగారెడ్డి జిల్లాలోనికి వచ్చిన జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతపు కుటుంబములకు ఈ సంగతి వివరింపనక్కరలేదు. అచ్చట అవ్వ కన్నడమున వచనము చెప్పగా మనుమరాలు తెలుగున బదులు చెప్పుట ఇంటింటి ముచ్చట.

పేరు నిలుపుట యెంత గొప్ప మిత్రధర్మమో ఈ ప్రాంతమునకు ఇటీవల కఠినముగా తెలిసివచ్చినది. 2025 జూన్ 30వ తేదీన పటాన్‌చెరు సమీపమున పాశమైలారములోని ఒక ఔషధ కర్మాగారమున పేలుడు జరిగి, నలువదిమందికి పైగా కార్మికులు మరణించిరి. వారిలో పెక్కురు ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశము మొదలగు దూరదేశములనుండి పొట్టకూటికై వచ్చినవారు. పలువురి దేహములను గుర్తించుటకు రక్తసంబంధుల నమూనాలతో డి.ఎన్.ఏ. పరీక్షలు చేయవలసివచ్చెను. దినమునకు ఎనిమిది గంటలు, పండ్రెండు గంటలు ఒకరి ప్రక్కన ఒకరు నిలిచి పనిచేయు మనుష్యులు వీరు. ప్రక్కనున్నవాని యూరేది, అతని తల్లి పేరేమి, అతనికి బిడ్డలెందరు అని యడిగి తెలిసికొనినవారెందరు? “ఒరియావాడు”, “బీహారువాడు” అను పిలుపు మొదటి యక్షరమువద్దనే ఆగిపోయిన పిలుపు. అతనికొక పేరున్నది. ఆ పేరు తెలిసికొనుటతో ప్రాస మొదలగును.

మాచయ్యను మాచయ్య యని, చౌడయ్యను చౌడయ్య యని పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనిన సంప్రదాయము మనది. ఎనిమిది వందల యేండ్ల క్రిందటి పడవవాని పేరు మనకు నేటికిని తెలియుచు, మన గోడ కవతల అద్దెకున్న కూలివాని పేరు తెలియకపోవుట శరణధర్మమునకు తగునా?

ఆచరణము

పాఠము చదివి మూసివేసినచో అది సగము పాదమే యగును. రెండవ పాదము ఆచరణము. కుటుంబములవారు సోమవారమునాడో, మాసశివరాత్రినాడో సాయంకాలపు పూజ ముగిసిన పిదప బసవపురాణమునుండి ఒక శరణుని కథను పిల్లలచేత బిగ్గరగా చదివింపవచ్చును. ద్విపదను కంటితో చదువుటకన్న గొంతెత్తి చదువుట మేలు; తూకము చెవికి పట్టినగాని ప్రాస మనస్సునకు పట్టదు. చదివినవారు ఆ వారమున క్రొత్తగా పేరు తెలిసికొనిన మనుష్యు నొకనిని గూర్చి నాలుగు మాటలు చెప్పవలెను.

మఠములవారు బసవజయంతినాటి దాసోహమున సమీప కర్మాగారముల కూలీలను పేరుపెట్టి పిలిచి, తమ వారి పంక్తిలోనే కూర్చుండబెట్టవచ్చును. వడ్డించువాడును, తినువాడును మరునాడు ఎదురుపడినప్పుడు ఒకరినొకరు పేరుతో పలుకరించుకొనినచో ఆ దాసోహము ఫలించినట్లు. పంక్తిలో జంగముడని, బణజిగుడని, ఇతరుడని వరుసలు వేయువారు హరళయ్య మధువరసుల కన్నులను ఒక్కమారు తలంచుకొందురు గాక.

యువకులు తమ మిత్రులలో ఎవనికి చెప్పవలసిన మాట చెప్పక దాచిరో, ఎవనియొద్ద తమ యక్కరకు మించి పుచ్చుకొనిరో, ఎవని గడప త్రొక్కక కాలము గడిపిరో తమలో తాము విచారించుకొని, ఆ మూడింటిలో ఒకదానినైన ఈ మూడు మాసములలో సరిదిద్దుకొనవలెను. మిత్రుడు బ్రదికియుండగా పోవు ప్రయాణమే ప్రయాణము.

అభ్యాసము

1. స్నేహ శబ్దమునకు గల రెండర్థములను తెలిపి, అవి చెలిమికి ఎట్లు వర్తించునో వివరింపుడు.

2. ద్విపదలో ప్రాసస్థాన మేది? దానినుండి ఈ పాఠమున గ్రహించిన నీతి యేమి?

3. అల్లమప్రభువు సిద్ధరామునితో పరుషముగా పలికియు మిత్రుడెట్లయ్యెను? తప్పు చూపిన పిదప అతడు చేసిన పని యేమి?

4. లక్కమ్మ బియ్యమును త్రిప్పి పంపుట బసవన్నను అవమానించుటయా, గౌరవించుటయా? ఇంటిల్లిపాదియు చర్చింపుడు.

5. పండితారాధ్యుడు బసవన్నతో విభేదించిన విషయ మేది? విభేదించియు నెయ్యమును ఎట్లు నిలుపుకొనెను?

6. మీరు పనిచేయుచోట గాని, చదువుచోట గాని, నివసించు వీథిలో గాని ఇతర ప్రాంతమునుండి వచ్చిన ముగ్గురి పేర్లు, ఊర్లు తెలిసికొని వ్రాయుడు.

శరణు శరణార్థి.